చీర సర్దుకుంది

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చూపులేనివాళ్ళకి సినిమా చూపించిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. నేనే చెప్పాను కాబట్టి తెలుసు.

మీరు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు. రేపో మాపో ఎవరో ఒకరు మీకు అసలు సంగతి చెప్పేస్తారు గనక ముందే ఒప్పుకోవడం మర్యాద. నేను మొదటివాణ్ణి కాను, మూడోవాణ్ణి. మా స్టూడియోలో నాకంటే ముందు ఇద్దరు చేసి మానేశారు. ఒకాయనకి గొంతు బాగుండి భాష కుదరలేదు. ఇంకొకాయనకి రెండూ కుదిరాయి గానీ, చీకటి గదిలో తెర ముందు కూర్చోబెడితే పావుగంటలో గురక పెట్టేవాడట. అట్లా నాకు ఉద్యోగం వచ్చింది.

అప్పటికే నేను రిటైరై రెండేళ్ళు. పర్చూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులుగా చేశాను. అయితే జనానికి నేను తెలిసింది పంతులుగా కాదు, మైకు మనిషిగా. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందేలు జరుగుతాయి చూడండి, వాటికి వ్యాఖ్యానం నాదే. ఆరు పళ్ళ వయసు ఎడ్ల జత బరిలో దిగిందంటే నా గొంతు మూడు ఊళ్ళ అవతలికి వినబడేది. సరే, మూడు ఊళ్ళు కాదు. గాలివాటం బాగుంటే పక్క ఊరికి. ఎద్దు కాలు జారినా "సింహంలా వంగి లేచింది చూడండి" అని చెప్పగలిగినవాణ్ణి. ఎదురుగా కనబడుతున్నదాన్ని పెంచి చెప్పడమే నా విద్య. కళ్ళున్నవాళ్ళ ముందే అంత పెంచినవాణ్ణి, కళ్ళులేనివాళ్ళ ముందు ఎంత పెంచుతానో మీరే ఆలోచించుకోండి.

పని మీకు తెలిసిందే. సినిమాలో మాటకీ మాటకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో తెర మీద జరుగుతున్నది క్లుప్తంగా చెప్పాలి. తలుపు తీసిందెవరు, ఉత్తరం చింపిందెవరు, కళ్ళతో సైగ చేసిందెవరు. పాట మీద పడకూడదు, మాటను మింగకూడదు. హైదరాబాదులో ఉన్న మా మేనేజరు ఒక నియమాల కాగితం పంపాడు. అందులో మొదటిది: "కనబడిందే చెప్పండి. అర్థం చెప్పకండి." ఆ కాగితాన్ని గోడకి అతికించుకుని, దాని కిందే కూర్చుని, రోజూ దాన్ని ఉల్లంఘించేవాణ్ణి.

ఆ స్టూడియోలో నాతోపాటు పనిచేసింది ఒక అమ్మాయి. చీరాల వైపు మగ్గం ఇంటి పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. నేను రాసి చదివింది విని, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ అతిగా ఉందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆరు నెలలు చూసి ఉంచాలో వద్దో తేలుస్తామన్నారు. మేనేజరు ఫోన్లో నాతో అననే అన్నాడు: "మాస్టారూ, వినడానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలంటారా? రాసినవాళ్ళే ఇంకోసారి వింటే సరిపోదూ?" ఆ మాటకి నేను "చూద్దాం లెండి" అన్నాను. అనాల్సిన మాట అది కాదు.

మొదటిరోజు ఆమెతో ఎట్లా మాట్లాడాలో తెలియక తెగ జాగ్రత్త పడ్డాను.

"ఏమ్మా, సినిమాలు వింటుంటావా?" అన్నాను.

"చూస్తానండి," అంది.

"అంటే... నీకు..."

"మేమూ చూశామనే అంటాం మాస్టారూ. టీవీ చూశాం, సినిమా చూశాం, పెళ్ళికూతుర్ని చూశాం. కొత్త మాటలేం వెతకబాకండి."

నేను నాలిక కరుచుకున్నాను. అక్కడితో నేర్చుకున్నానా అంటే లేదు. చూపులేనివాళ్ళకి రంగులతో ఏం పని అనుకుని, ఆమె మీద జాలితో, మొదటి సినిమాలో రంగులన్నీ తీసేశాను. పెళ్ళి సీనులో పసుపు లేదు, ఎరుపు లేదు, పచ్చతోరణం లేదు. విని లేచి నిలబడింది.

"రంగులేవండీ?"

"నీకెందుకులే అమ్మా అని..."

"నాకెందుకో నేను చెప్పుకుంటాను. మా నాన్న నూలు అద్దితే, ఏ రంగుకి ఏ అంచు కుదురుతుందో ఇంట్లో రోజూ వాదులాడుకుంటాం. ఎరుపంటే బొట్టని, పెళ్ళని, కోపమని నాకు తెలీదా? రంగులు పెట్టండి."

సరే, పెట్టాను. నా సంగతి మీకు తెలుసుగా, పెట్టమన్నాక ఆగను. ఆ తర్వాత వచ్చింది మన కథకి ముఖ్యమైన సినిమా.

అది మన మిరప పొలాల్లో తీసిన సినిమా. పేరు చెప్పను. భర్త పోయిన ఒకావిడ కౌలుకి మిరప వేస్తుంది. ఆమె బావగారు, అంటే భర్తకి అన్న, "ఆడమనిషివి, నీ వల్ల కాదు, సేద్యం వదిలిపెట్టి పుట్టింటికి వెళ్ళు" అని వెంటపడతాడు. ఒకరోజు పెద్దమనుషుల్ని తీసుకుని మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలోకే వచ్చి నిలబడతాడు. ఏమంటావని అడుగుతాడు. ఆమె నోరు విప్పదు. ఏడు సెకన్లు మాటల్లేవు. తర్వాత బస్సు కదిలిన చప్పుడు. ఆ తర్వాత సీనులో ఆమె చేలో ఉంటుంది.

ఏడు సెకన్ల సందు! బండ సగం దూరం లాగినంత అవకాశం నాకు. ఏం రాశానంటే: "కళ్ళం నిండా మిరప, పొద్దువాలే సూర్యుణ్ణి ముక్కలు చేసి ఆరబోసినట్టు. ఆమె చీర సర్దుకుంది." బస్సు దగ్గర: "ఎర్రటి దుమ్ము ఆకాశాన్ని తాకుతుండగా బస్సు కదిలింది." ఎంత బాగుందో అని నాకు నేనే మూడుసార్లు చదువుకున్నాను.

అమ్మాయి ఆ ముక్క మళ్ళీ వేయించుకుని వింది.

"మాస్టారూ, సూర్యుణ్ణి ఎవరు ముక్కలు చేశారు?"

"అది పోలిక అమ్మా."

"కళ్ళంలోకి పోతే ముందు దగ్గొస్తుంది, ముక్కు మండుతుంది. కాయ మీద నడిస్తే గలగలమంటుంది. అవి సినిమాలోనే వినపడతన్నాయి. మీరు సూర్యుణ్ణి తెచ్చి దాని మీద పడేశారు. పోనీ అదీ వదిలేద్దాం. చీర సర్దుకుందంటే ఏం చేసింది?"

"సర్దుకుంది. కొంగు అటూ ఇటూ..."

"ఎటు? భుజాలు కప్పుకుందా? బొడ్లో దోపిందా?"

తెర మీద మళ్ళీ చూశాను. ఆమె కొంగు లాగి నడుము చుట్టూ తిప్పి బొడ్లో దోపుకుంది. గంప ఎత్తింది. అదే చెప్పాను, ఆమె అడిగితే బస్సెక్కింది ఎవరో కూడా.

ఆ పిల్ల కుర్చీలోంచి ముందుకి వంగింది. "బావగారి ముందు కొంగు కప్పుకోవడం, దోపుకోవడం ఒకటేనా మాస్టారూ? కప్పుకుంటే సరే అన్నట్టు. దోపుకుంటే నేను పోను, నీ దిక్కున్నచోట చెప్పుకో అన్నట్టు. సినిమా అంతా ఆ కొంగులోనే ఉంది. సర్దుకుందంటే ఏమనుకుంటారు? పాపం సర్దుకుపోయిందిలే అనుకుంటారు."

"అర్థం చెప్పకూడదని నియమం ఉందమ్మా," అన్నాను గోడ మీది కాగితం చూపించి. ఆమెకి ఏం చూపించానో నాకే తెలియదు.

"అర్థం చెప్పమన్లేదండి. కనపడింది చెప్పమన్నాను. కొంగు దోపుకుందని చెబితే చాలు, మిగతాది మాకు తెలుసు. మా అమ్మ రోజూ దోపుకునేదేగా."

ఆమె చెప్పింది న్యాయం. కానీ కొంగు పెడితే సూర్యుడు పట్టడు. ఏడు సెకన్లలో రెండూ ఇరకవు. ఆమె తన అలవాటు ప్రకారం బ్రెయిలీలో, అదే వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపిలో, మందపాటి కాగితం మీద తను చెప్పినదంతా పొడిచి నా చేతికిచ్చింది. "ఫైల్లో పెట్టండి మాస్టారూ," అంది. "ఓ, అట్లాగే," అన్నాను.

ఇక్కడ మీకు మామూలుగా చెప్పేది ఏమిటంటే, పని ఒత్తిడిలో మర్చిపోయాను అని. పదేళ్ళ కిందటైతే అట్లాగే రాసేవాణ్ణి. మర్చిపోలేదు. సూర్యుణ్ణి ఉంచుకున్నాను. మేనేజరుకి పంపే పత్రంలో "విని సరిచూసినవారు" అన్నచోట ఆమె పేరు రాసి, సరే అన్నట్టు టిక్కు పెట్టాను. చుక్కల కాగితం అట్టలా దళసరిగా ఉందని, నా రాతకాగితాల కింద ఆనిక పెట్టుకున్నాను. అది చదవగలిగినవాళ్ళు మా ఆఫీసులో ఆమె తప్ప ఎవరూ లేరు గదా.

ప్రదర్శన ఒక ఆదివారం పొద్దున. గుంటూరులో చూపులేనివాళ్ళ సంఘం వాళ్ళ హాలులో. వందలాదిగా వచ్చారని మా వీధిలో చెప్పాను. నలభై మంది ఉంటారు, టీలు పోసేవాళ్ళతో కలిపి. హైదరాబాదు నుంచి మేనేజరు వచ్చాడు. ఈ ఆట చూసి, ఆ అమ్మాయిని ఉంచాలో పంపాలో తేలుస్తానని నాకు ముందే చెప్పాడు. ఆమెకీ తెలుసు. ఆ రోజు జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. వాళ్ళ నాన్న నేసిందట.

నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. పర్చూరు పక్కన మిరప, పత్తి వేసిన రైతు. నలభయ్యో ఏట చూపు పోయిందట. భుజాన కండువా, గొంతు చూస్తే నాకు పోటీ.

"పందేల్లో మైకు పట్టుకునేది నువ్వేనంటయ్యా?"

"నేనేనండి."

"మా గిత్తలు ఓడిపోతంటే 'ఘనంగా పోరాడుతున్నాయి' అన్నావు. ఇంటికొచ్చిందాకా గెలిచాయనుకున్నా."

ఆట మొదలైంది. కళ్ళం సీను వచ్చింది. నా గొంతు సూర్యుణ్ణి ముక్కలు చేసింది, ఆమె చీర సర్దుకుంది. హాల్లో ఎవరో అయ్యో అన్నారు. నేను పొంగిపోయాను. నా పోలికకే అనుకున్నాను.

ఆట అయిపోయాక మేనేజరు ముందుకొచ్చి ఎట్లా ఉందో చెప్పమన్నాడు. పెద్దాయన అందరికంటే ముందు లేచాడు.

"బానే ఉందయ్యా. కానీ నాకొకటి అంతుపట్టలా. ఆ పిల్ల సర్దుకుపోయి బస్సెక్కి పుట్టింటికి పోయె. మళ్ళీ చేలోకి ఎప్పుడొచ్చింది? ఎట్టా వచ్చింది? ఎవరు పిలిస్తే వచ్చింది?"

"అవునవును," అన్నారు వెనకనుంచి. "మేమూ అదే అనుకున్నాం." "రెండు సీన్లు పోయాయేమో." "బావగారే మళ్ళీ తీసుకొచ్చాడేమో."

మేనేజరు బిత్తరపోయాడు. "లేదండీ, ఆవిడ వెళ్ళలేదు. బస్సెక్కింది బావగారు."

"మరి సర్దుకుందంటిరిగా!"

మేనేజరు చేతిలోని పత్రం తిరగేశాడు. నా టిక్కు కనబడింది. అమ్మాయి వైపు తిరిగి, మర్యాదగానే అడిగాడు. "మేడం, మీరు విని ఓకే చేశారని ఉంది. ఈ గందరగోళం మీకు తెలియలేదా?"

నేను సింహంలా లేచి, తప్పు నాదని మైకులో చాటాను. ఇదీ నేను అందరికీ చెప్పే కథ.

లేవలేదు. వేలమంది ముందు మైకు పట్టుకున్నవాణ్ణి, నలభై మంది ముందు కుర్చీకి అతుక్కుని కూర్చున్నాను. వాళ్ళకి నా మొహం కనబడదు గదా అన్న ధైర్యం ఒకటి. ఇంతకంటే సిగ్గుమాలిన ధైర్యం నాకు జీవితంలో ఇంకోటి లేదు.

అమ్మాయి నా పేరు ఎత్తలేదు. "సందు చిన్నదండి, మాటలు పట్టలేదు," అంది. నన్ను కాచింది. తన ఉద్యోగం పోయే చోట నిలబడి నన్ను కాచింది. తర్వాత నడుచుకుంటూ మా వరస దగ్గరికి వచ్చి, పెద్దాయన గొంతు విన్నవైపు చెయ్యి చాపింది.

"తాతా, మీ కండువా ఇస్తారా?"

"తీసుకోమ్మా."

ఆయన భుజం మీది కండువా తీసి, రెండు భుజాల మీదుగా నిండా కప్పింది. "ఇది ఒకటి. పెద్దమనిషి ఎదురొస్తే చేసేది." మళ్ళీ తీసి, ఆయన నడుముకి చుట్టి గట్టిగా బిగించి ముడేసింది. "ఇది ఒకటి. ఆవిడ బావగారి ముందు కొంగుతో చేసింది ఇది. చేసి గంప ఎత్తింది."

పెద్దాయన నడుము తడుముకున్నాడు. ముడి పట్టుకుని గుంజి చూశాడు.

"ఓరి మీ దుంపతెగ! నడుం బిగించిందా! ఆ మాట చెప్పి చావొచ్చుగా! చీర సర్దుకుందంట, చీర! ఇంతసేపూ ఆ పిల్లని పుట్టింట్లో కూచోబెట్టి బాధపడి చస్తన్నా!"

హాలంతా ఒక్కసారి లేచింది. నవ్వులు, చప్పట్లు. "బావగారి మొహాన కొట్టింది," అందో ముసలావిడ. ఒక్క మాటతో వాళ్ళందరికీ సినిమా మళ్ళీ మొదటినుంచి తిరిగింది. అటువంటి చప్పట్లు నాకు ఏ తిరునాళ్ళలోనూ రాలేదు. ఆ రోజూ నాకు రాలేదనుకోండి, ఆమెకి వచ్చాయి.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "ఇంత తెలిసినప్పుడు ముందే రాసి ఇవ్వాల్సింది కదండీ," అన్నాడు. అమ్మాయి తల వంచుకుంది. 'రాసిచ్చాను' అనలేదు. అంటే నేను దొరికిపోతాను. అనకపోతే తను పోతుంది.

పెద్దాయన కూర్చుంటూ, ఆనుకోవడానికి పక్కకి చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నా ఒళ్ళో ఉన్న కాగితాల మీద పడింది. అట్ట కోసమని అడుగున పెట్టుకున్న చుక్కల కాగితం కాస్త బయటికి ఉంది. ఆయన వేళ్ళు దాని మీద ఆగాయి.

"ఇదేందీ, మా కాయితం నీ దగ్గరుందేందయ్యా?"

పత్తి ఏరిన వేళ్ళు కాబట్టి ఆ లిపి తనకి మూడు నెలల్లో వచ్చిందని ఆయన పొద్దున చెప్పి ఉన్నాడు. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు ఆ వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. నా చేతిలో కాగితం ఇంకో అంచు ఉంది. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. ఆయనకి ఏమీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియదు.

ఇక్కడ పెంచను, తగ్గించను. నేను కాగితం ఇవ్వలేదు. లాక్కోనూలేదు. వదిలేశాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన మంచిపని అంటూ ఉంటే, రెండు వేళ్ళు వదులు చెయ్యడం.

ఆయన గట్టిగా, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివాడు.

"కళ్ళం సీను. సర్దుకుంది అనొద్దు. రాజీ పడింది అనుకుంటారు. కొంగు నడుముకి చుట్టి దోపుకుంది అనాలి. బస్సెక్కింది బావగారు అని చెప్పాలి. సూర్యుడు అక్కర్లేదు. మాస్టారికి చెప్పాను. ఫైల్లో పెడతామన్నారు."

పెద్దాయన నా వైపు మొహం తిప్పాడు. "మాస్టారంటే నువ్వేనా?"

"నేనేనండి," అన్నాను. పొద్దున అన్న మాటే. గొంతు వేరు.

"ఈసారి కూడా గెలిచామనుకోమంటావా?"

అప్పుడు లేచాను. మైకు అందుకోలేదు. అమ్మాయి చెప్పిందనీ, నేను దాచాననీ, టిక్కు నాదేననీ మామూలు గొంతుతో చెప్పాను. నాలుగు మాటలు. ఒక్క పోలికా లేదు.

తర్వాత జరిగింది మీకు తెలుసు, ఎందుకంటే ఆ పద్ధతిలోనే మీరు ఇప్పుడు పనిచేస్తున్నారు. సరిచూసేవాళ్ళ కాగితం వాళ్ళ నోటితోనే చదివించనిదే ఏ సినిమా బయటికి పోకూడదని మేనేజరు గోడ మీది నియమాల్లో చేర్చాడు. ఆ అమ్మాయి ఉద్యోగం ఆ వారమే ఖాయమైంది. ఇవాళ మీ పనంతా చూసే మేడం ఆవిడే. నన్ను తీసేస్తారనుకున్నాను. ఆ సీను తిరిగి చదవమన్నారు, బస్సెక్కింది బావగారని చేర్చమన్నారు, అంతే. "కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. గంప ఎత్తింది." ఇంకా రెండు సెకన్లు మిగిలాయి. ఏమీ పెట్టలేదు. ఆ రెండు సెకన్లలో కళ్ళంలో ఎండుమిరప గలగలమన్నది వినబడింది. అది ఆ సినిమాలో మొదటినుంచీ ఉన్నదే.

ఇది అచ్చుకి పంపేముందు ఆవిడకి ఫోన్లో చదివి వినిపించాను. ఆ ఆదివారం హాలు బయట వరండాలో నేను క్షమాపణ చెప్పిన ఘట్టం చివర్లో రాశాను: "ఆమె చల్లగా నవ్వి నన్ను క్షమించింది."

"నవ్వానా?" అంది.

"నవ్వినట్టే గుర్తు..."

"మాస్టారూ. గోడ మీద మొదటి నియమం ఏంటి?"

"కనబడిందే చెప్పాలి."

"క్షమించానని మీకు ఎక్కడ కనపడింది?"

నిజమే, కనబడలేదు. కొట్టేశాను. జరిగింది ఇది. వరండాలో బల్ల మీద రెండు టీ గ్లాసులున్నాయి. నేను తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె బల్ల మీద చేత్తో తడిమి, వేడిగా ఉన్న గ్లాసు ఏదో చూసుకుని, దాన్ని నా వైపు జరిపింది. చల్లారింది తను తాగింది.